నిటారు నడుము, వంగిన పని

(బడి పూర్వ విద్యార్థులు ఏటా జరిపే డ్రిల్లు మాస్టారి స్మారకోపన్యాసం పాఠం)

వెనక బెంచీల్లో చేతులు కట్టుకుని కూర్చున్న పిల్లలూ, చేతులు విప్పండి. మీకెలా హాయిగా ఉంటే అలా కూర్చోండి. కాళ్ళు తిమ్మిరెక్కితే లేచి వెనక గోడ దగ్గర నిలబడండి, నేనేమీ అనుకోను. నేనివాళ చెప్పబోయేదాంట్లో సగం అదే.

ఎముకల డాక్టరును పిలిచారంటే నడుం గురించే మాట్లాడాలి. పైగా ఇది మా డ్రిల్లు మాస్టారి పేరిట సభ. "నడుం నిటారు!" అని ఆయన కేకేస్తే చెరువుకట్ట దాకా వినబడేది. కట్ట మీద గేదెలు తోలుకెళ్ళే ముసలాయన కూడా ఓసారి నడుం సర్దుకున్నాడని మేం చెప్పుకుని నవ్వేవాళ్ళం. శిష్యుణ్ణన్న చనువుతో ఆ కేకతో కాస్త పేచీ పెట్టుకుంటాను. ఆయన చెప్పిన మాటతోనే నాకు పేచీ, చేసిన పనితో లేదు. ఆ తేడా ఏమిటో తర్వాత చెబుతాను.

అసలు వెన్నెముకే నిటారుగా ఉండదు. పక్కనుంచి చూడండి. మెడ దగ్గర లోపలికి, వీపు దగ్గర బయటికి, నడుం దగ్గర మళ్ళీ లోపలికి ఒంపు తిరిగి ఉంటుంది. కడుపులో ముడుచుకుని పెరిగిన పసిబిడ్డకు ఉండేది ఒకటే వంపు. మెడ నిలిపేటప్పుడు ఒక ఒంపు, నిలబడి అడుగులేసేటప్పుడు ఇంకో ఒంపు స్థిరపడతాయి. పూసలు 33. కిందివి అతుక్కుపోగా విడిగా కదిలేవి 24. వాటి నడుమ 23 డిస్కులు. పెద్దయ్యాక ఈ డిస్కు లోపల రక్తనాళాలు ఉండవు. దానికి కావలసిన పోషకాలు చుట్టుపక్కల నుంచి మెల్లగా ఊరి రావాలి. పగలంతా మనం నిలబడి, కూర్చుని, మోసి డిస్కును నొక్కుతుంటే అది పిండిన స్పాంజిలా నీరు కోల్పోతుంది. రాత్రి పడుకుంటే మళ్ళీ పీల్చుకుంటుంది. అందుకే పొద్దున లేవగానే మనం రాత్రికన్నా ఒక సెంటీమీటరుకు పైగా పొడుగుంటాం. బరువే లేని అంతరిక్షంలో వ్యోమగాములు 5 సెంటీమీటర్ల దాకా పొడవు పెరిగి, దిగివచ్చాక మళ్ళీ మామూలవుతారు. బరువు పడటం, తగ్గటం, మళ్ళీ పడటం: డిస్కు దినచర్య అంతే.

ఈ డిస్కు మీద ఏ భంగిమలో ఎంత ఒత్తిడి పడుతుందో సూది గుచ్చి కొలిచినవాళ్ళున్నారు. స్వీడన్ సర్జన్ ఆల్ఫ్ నాకెమ్సన్ 1960లలో ఆ పని చేశాడు. నిలబడినప్పటికన్నా కూర్చున్నప్పుడే నడుం మీద ఒత్తిడి ఎక్కువని ఆయన లెక్క. దశాబ్దాలపాటు మేమందరం పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నది అదే. 1999లో జర్మనీలోని ఉల్మ్ నగరంలో విల్కే బృందం ఇంకో కొలత ప్రచురించింది. 45 ఏళ్ళ మనిషి, 70 కిలోల బరువు, వృత్తి ఎముకల సర్జనే. తన నడుంలోని నాలుగో, ఐదో పూసల మధ్య డిస్కులోకి సెన్సారు పెట్టించుకుని ఒక పగలు, ఒక రాత్రి దానితోనే గడిపాడు. కూర్చున్నాడు, నడిచాడు, మెట్లెక్కాడు, బరువులెత్తాడు, నిద్రపోయాడు. మా వృత్తిలో పరుల వెన్నులోకి సూది గుచ్చే ధైర్యం అందరికీ ఉంటుంది. తన వెన్ను అప్పగించినవాణ్ణి చూస్తే నాకు గౌరవం.

వెల్లకిలా పడుకున్నప్పటి ఒత్తిడిని 1 అనుకుందాం. ఊరికే నిలబడితే 5. వెనక ఆనుకోకుండా కూర్చుంటే 4.6, అంటే నిలబడినదానికన్నా ఎక్కువేం కాదు. కుర్చీలో జారగిలబడి, మన పెద్దవాళ్ళు 'అదేం కూర్చోడంరా' అని కసిరే తీరులో కూర్చుంటే 3కు దిగిపోయింది! నిలబడి ముందుకు వంగితే 11. అసలు కథ బరువు దగ్గర మొదలైంది. 20 కిలోల పెట్టెను నడుం వంచి ఎత్తితే 23, మోకాళ్ళు మడిచి ఎత్తితే 17. అదే బరువును ఒంటికి ఆనించి పట్టుకుంటే 11, చేతులు చాపి దూరంగా పట్టుకుంటే 18. ఒక్క మనిషి మీద చేసిన కొలతే, ఒప్పుకుంటాను. అయినా కూర్చునే తీరుకూ, బరువుతో వంగడానికీ ఎంత తేడా ఉందో చూడండి. మనం ఇంట్లో పిల్లల్ని కసిరేది 3 దగ్గర. 23 దగ్గర ఉన్నవాడు బియ్యం బస్తా ఎత్తుతున్న హమాలీ. అతనికి నిటారుగా ఉండమని చెప్పేవాళ్ళెవరూ ఉండరు.

మరి ఈ నిటారు మోజు ఎక్కడిది? సైన్యం కవాతులో కొంత ఉంది. బడుల్లోకి దిగింది మాత్రం 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో. జర్మనీలో ఫ్రాంజ్ స్టాఫెల్ అనే ఎముకల వైద్యుడు 1884లోనే బడి కుర్చీలకు నడుం దగ్గర ఆసరా ఉండాలని రాశాడు. ఆయన కుర్చీని మార్చమన్నాడు, పిల్లవాణ్ణి కాదు. అమెరికాలో సంగతి వేరు. 1914లో అక్కడ భంగిమ కోసమే ఒక సంఘం పుట్టింది. 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన కుర్రాళ్ళను పరీక్షించి వాళ్ళలో 80 శాతం మంది భంగిమ బాగాలేదని తేల్చారు. నూటికి ఎనభైమంది తప్పంటే తప్పు పిల్లల్లో ఉందా, కొలబద్దలో ఉందా అని అప్పుడు ఎవరికీ తోచినట్టు లేదు. తర్వాత పేరున్న కాలేజీలు చాలావాటిలో విద్యార్థుల బట్టలు విప్పించి భంగిమ ఫొటోలు తీశారు. ఇదంతా ఆరోగ్యం పేరునే. వంగినవాణ్ణి చూస్తే సోమరి, చేవలేనివాడు అనుకునే చూపు ఆ పరీక్షల వెనక ఉంది. మన ఇళ్ళలో గూని మీద వేసే జోకుల వెనకా అదే ఉంది.

ఇప్పుడు శాస్త్రం ఏమంటోంది? ఫలానా భంగిమే సరైనదని, అలా కూర్చుంటే నడుంనొప్పి రాదని చెప్పడానికి గట్టి ఆధారం దొరకలేదు. 2019లో కొందరు ఫిజియోథెరపీ పరిశోధకులు 'నిటారుగా కూర్చో' అన్న సలహానే పునరాలోచించాలని రాశారు. భంగిమలు మనిషిమనిషికీ వేరు, వంపు ఎక్కువున్నవాళ్ళకు నొప్పి తప్పదనేమీ లేదు. సెల్‌ఫోన్ చూస్తూ మెడ వంచితే 27 కిలోల బరువు పడుతుందని వాట్సాప్‌లో తిరిగే బొమ్మ మీ అందరికీ వచ్చే ఉంటుంది. 2014లో ఒక సర్జన్ కంప్యూటర్‌లో వేసిన లెక్క అది. మనిషి మెడలో కొలిచింది కాదు. బడిసంచీ బరువు పిల్లల నడుంనొప్పికి కారణమని కూడా పరిశోధనల్లో తేలలేదు. అలాగని సంచీ నిండా పుస్తకాలు కుక్కమని నేననను, అంత బరువు మోయించడానికి వేరే సిగ్గుపడాలి.

నా దగ్గరకొచ్చే వాళ్ళలో చాలామంది చేతిలో ఎమ్మారై ఫిల్ము ఉంటుంది. "సార్, ఎల్4-ఎల్5లో గ్యాప్ వచ్చిందట" అంటారు, ఇల్లు బీటలు వారినంత దిగులుతో. ఏ నొప్పీ లేని మూడువేల మంది స్కానులను కలిపి చూసిన ఒక సమీక్ష 2015లో వచ్చింది. ఇరవై ఏళ్ళవాళ్ళలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. ఎనభై ఏళ్ళవాళ్ళలో 96 శాతం మందికి. వీళ్ళెవరికీ నొప్పి లేదు! తలనెరిసినట్టే డిస్కూ అరుగుతుంది. ఆ ఫిల్ము చూసి భయపడి మంచమెక్కితే, అసలు జబ్బు అప్పుడు మొదలవుతుంది.

అయితే నడుంనొప్పి ఉత్తదేనా? కానే కాదు. 2020 నాటి అంచనా ప్రకారం ప్రపంచంలో 61 కోట్ల 90 లక్షల మంది దీనితో బాధపడుతున్నారు. మనుషుల్ని పనికి దూరం చేసే బాధల్లో ఇదే ముందుంది. అది ఎవరి నడుం మీదికి వస్తోందన్నది అడగాలి.

వానాకాలం నాట్లు ముగిసేసరికి నా ఔట్‌పేషెంట్ గది ముందు ఆడవాళ్ళ వరస పెరుగుతుంది. వాళ్ళకు మా వైద్యులు చెప్పే మొదటి మాట 'వంగకండి'. ఒకామె నా మొహం మీదే నవ్వింది: "వంగకుంట నాటెట్ల ఏస్తరు సారూ?" మడిలో వాళ్ళను గమనించండి. ఎడమ చేతిలో నారు కట్ట, ఆ మోచెయ్యి తొడ మీద ఆనించి ఉంటుంది. కుడిచేత్తో రెండు మూడు మొక్కలు తుంచుకుని బొటనవేలితో బురదలోకి గుచ్చుతూ వెనక్కి అడుగేస్తారు. ఆ మోచెయ్యి ఆనించడం ఏ డాక్టరూ నేర్పలేదు, పైన ఉన్న ఒంటి బరువులో కొంత తొడ మీదికి దించే ఉపాయం అది. మనిషి బాగా వంగి అలాగే వేలాడినప్పుడు వీపు కండరాలు దాదాపు పని ఆపేస్తాయని 1950ల మొదట్లోనే ఫ్లాయిడ్, సిల్వర్ అనే ఇద్దరు ఇంగ్లండులో కనిపెట్టారు. అప్పుడు బరువంతా వెన్ను స్నాయువుల మీద పడుతుంది. అవి మెల్లగా సాగుతాయి. కెనడాలో మెక్‌గిల్, బ్రౌన్ 1992లో 20 నిమిషాలు పూర్తిగా వంచి కూర్చోబెట్టి చూశారు. లేచిన రెండు నిమిషాల్లో సాగినదాంట్లో సగం సర్దుకుంది, మిగతాది అరగంటైనా పూర్తిగా సర్దుకోలేదు. నాటేసే మనిషికి అరగంట విరామం ఎవరిస్తారు?

ఇక్కడ మిమ్మల్ని కాలిఫోర్నియా తీసుకెళ్ళాలి. సలినాస్ లోయలో లెట్యూస్ అనే ఆకుకూర తోటలు ఉంటాయి. కలుపు తీసి మొక్కలు పలచన చెయ్యడానికి మెక్సికన్ కూలీలకు పొట్టి పిడి తవ్వుగోల ఇచ్చేవాళ్ళు. పిడి అడుగు, అడుగున్నర. వాళ్ళ స్పానిష్‌లో దాని పేరు 'ఎల్ కోర్టీటో', పొట్టిది అని. దాంతో రోజంతా మొక్కల ఎత్తుకు వంగి, సాళ్ళ వెంట నడుస్తూ పనిచెయ్యాలి. వ్యవసాయ కూలీల నాయకుడు సీజర్ చావెజ్ కూడా దాంతో పనిచేసినవాడే, బతికినంతకాలం నడుంనొప్పితో బాధపడ్డాడు. పొడుగు పిడి పెడితే మొక్క తెగిపోతుందని భూస్వాములు వాదించారు. కూలీలు చెప్పింది ఇంకోటి: పొట్టి పిడి ఉంటే నడుం ఎత్తినవాడు దూరం నుంచే మేస్త్రీ కంటపడతాడు. విరామం తీసుకుంటున్నవాణ్ణి పట్టుకోవడానికి అంతకన్నా తేలిక మార్గం లేదు. 1972లో కూలీల తరఫున లాయర్లు ప్రభుత్వ శాఖకు ఫిర్యాదు చేశారు. పనిముట్టు వల్ల వెన్ను ఎలా పాడవుతుందో డాక్టర్లు వచ్చి చెప్పారు. పనిముట్టుతో ప్రమాదమేమీ లేదు, వాడే తీరుదే తప్పు అన్నట్టు ఆ శాఖ తోసిపుచ్చింది. 1975 జనవరిలో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ వాదన చెల్లదంది. అదే ఏడాది పొట్టి తవ్వుగోలను నిషేధించారు. పొడుగు పిడితోనే పంట పండింది, ఎవరి తోటా మునిగిపోలేదు.

నడుం గురించి నాకు తెలిసిన పాఠాల్లో ఇంతకన్నా పెద్దది లేదు. ఏళ్ళ తరబడి ఆ కూలీలకు సరిగ్గా వంగడమెలాగో నేర్పి ఉంటే ఏం ఒరిగేది? మారవలసింది పిడి పొడవు.

మన దగ్గరా అటువంటివి జరిగాయి. ఆలేరు చింతకింది మల్లేశం సంగతి మీకు తెలిసిందే. పోచంపల్లి చీరకు ఆసు పోయడమంటే, ఒక కొయ్యమేకు నుంచి ఎదురుగా అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల మీదికి దారాన్ని చేత్తో తిప్పి తిప్పి చుట్టడం. ఒక్కో చీరకు 9000 సార్లు చెయ్యి ఆడాలి. తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూసి ఆయన కూర్చుని ఆలోచించాడు, ఏళ్ళు పట్టింది, 1999లో ఆసుయంత్రం తయారైంది, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆమెకు తైలం రాయడంతోనో, వ్యాయామం చెప్పడంతోనో ఆగిపోతే అది వైద్యమయ్యేదేమో. ఆయన చేసింది అంతకన్నా మెరుగైనది. వరి సాగులోనూ అలాంటి ప్రయత్నాలున్నాయి. 2003 నుంచి శ్రీ పద్ధతితోపాటు మన పొలాల్లోకి వచ్చిన కోనో వీడరుతో నిలబడి కలుపు తియ్యొచ్చు. డ్రమ్ సీడరుతో అయితే నాటే అక్కర్లేదు. ఆ వీడరును గట్టి మట్టిలో తోసేసరికి భుజాలు లాగేస్తున్నాయని ఆడవాళ్ళు నాతో చెప్పారు. దానికి మెరుగులు దిద్దాల్సింది వాళ్ళను అడిగి. నాట్లు పోతే కూలి పోతుందన్న భయమూ నిజమే. ఈ లెక్క ఒక్క డాక్టరు తేల్చేది కాదు.

వంగి చేసే పనే కాదు, ఎడతెగకుండా నిలబడటమూ నడుంకు కష్టమే. పండుగ రోజుల్లో బట్టల దుకాణానికెళ్ళి చూడండి. కౌంటరు వెనక అమ్మాయిలు పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే ఉంటారు, గిరాకీ లేనప్పుడు కూడా. వెనక స్టూలు ఉండదు, ఉన్నా కూర్చోకూడదు. కేరళలో దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళు దీనిమీద ఏళ్ళ తరబడి పోరాడితే 2018లో అక్కడి చట్టాన్ని సవరించారు. తమిళనాడు 2021లో అదే దారి పట్టింది. కూర్చునే హక్కు కోసం చట్టం కావలసి వచ్చింది! నిలబడి పనిచేసేవాళ్ళకు కూర్చునే హక్కు, కూర్చుని పనిచేసేవాళ్ళకు లేచే హక్కు. గచ్చిబౌలి ఆఫీసుల్లో ఖరీదైన కుర్చీ ఇచ్చి, ఆ కుర్చీలోంచి లేవడానికి వీలు లేకుండా మీటింగుల మీద మీటింగులు పెడతారు. ఆ కుర్చీకి పెట్టిన డబ్బులో సగం మిగిల్చుకుని గంటకోసారి ఐదు నిమిషాలు వదిలితే చాలు.

ఇప్పుడు మాస్టారి దగ్గరికి వస్తాను. 'నిటారు' అన్నది ఆయన కేక. చేసింది వేరు. వరసగా రెండు పీరియడ్లు మమ్మల్ని బెంచీ మీద ఉండనిచ్చేవాడు కాదు. లెక్కల పాఠం మధ్యలో కిటికీలోంచి తల పెట్టి "ఒక రౌండు పరిగెత్తించి పంపిస్తా" అని లెక్కల మాస్టారితో తగువు పడేవాడు. కబడ్డీ, ఖోఖో, దండాలు, బస్కీలు. వెన్నుకు మంచి చేసేది అదేనని ఇప్పటి పరిశోధనలు చెబుతున్నాయి.

నొప్పి వచ్చినవాళ్ళకు కొన్ని మాటలు. నడుం పట్టేస్తే వారాల తరబడి పడుకోవద్దు. 1995లో ఫిన్లాండులో పోల్చి చూస్తే, మంచం పట్టినవాళ్ళకన్నా ఓర్చుకోగలిగినంతలో రోజువారీ పనులు చేసుకున్నవాళ్ళే త్వరగా కోలుకున్నారు. దీర్ఘకాలం ఉండే నడుంనొప్పి మీద 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు వ్యాయామం చేయించమన్నాయి. మామూలుగా బెల్టులు, ట్రాక్షన్ వద్దన్నాయి. మన మెడికల్ షాపుల్లో వేలాడుతున్న బెల్టుల వరస చూస్తే ఆ సంగతి ఇంకా ఊళ్ళదాకా రాలేదనిపిస్తుంది. పొద్దున లేవగానే డిస్కు నీరు పీల్చుకుని బిగువుగా ఉంటుంది. ఆ మొదటి గంటలో నేల మీదికి వంగి బరువులు ఎత్తే పని పెట్టుకోకండి. సిడ్నీలో 999 మందిని అడిగిన 2015 పరిశోధనలో నడుంనొప్పి మొదలైన వేళ ఎక్కువగా పొద్దున 7 నుంచి మధ్యాహ్నం లోపే. చాలాసేపు వంగి కూర్చుని, లేదా బండి నడిపి దిగిన వెంటనే బస్తా ఎత్తకండి. నాలుగడుగులు నడిచి, ఒళ్ళు విరుచుకుని అప్పుడు ఎత్తండి, ఒంటికి ఆనించి. నేల మీద సకిలంముకిలం వేసుకుని కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం నడుంకు చెరుపని భయపెట్టేవాళ్ళను పట్టించుకోకండి. మోకాళ్ళు సహకరిస్తే నిక్షేపంగా కూర్చోవచ్చు, అక్కడా గంటల తరబడి అతుక్కుపోకుండా.

కొన్ని నొప్పులు మాత్రం వీటితో పోవు. రాత్రిళ్ళు నిద్రలేపే నొప్పి, జ్వరం, బరువు తగ్గడం కలిసి వస్తే వెన్నుకు టీబీ సోకిందేమో చూడాలి. మన దేశంలో అది అరుదేమీ కాదు, మందులతో నయమవుతుంది. కాళ్ళు బలహీనపడినా, కూర్చునేచోట మొద్దుబారినా, మూత్రం మీద పట్టు తప్పినా తెల్లారేదాకా ఆగకండి. అది ఆ గంటలోనే పెద్దాసుపత్రికి వెళ్ళాల్సిన సంగతి.

చివరికి ఈ బడి సంగతి ఒకటి. డెన్మార్క్ సర్జన్ మాండల్ బడి పిల్లలు కుర్చీని ముందుకాళ్ళ మీద వాల్చి కూర్చోవడం గమనించాడు. టీచర్లు దాన్ని అల్లరి అంటారు, ఆయన దాన్ని చూసి ముందుకు ఏటవాలుగా ఉండే కుర్చీలు, వాలుబల్లలు కావాలన్నాడు. పిల్లల ఒళ్ళు తనకు కావలసింది వెతుక్కుంటోందని ఆయన లెక్క. పొద్దున సభకు ముందు తరగతి గదులన్నీ తిరిగొచ్చాను. ఆరో తరగతికీ పదో తరగతికీ ఒకే కొలత డ్యుయల్ డెస్కులు వేశారు. ఆరో తరగతిలో సగంమంది పాదాలు నేలకు అందడం లేదు. బెంచీ అంచు తొడ కింద ఒత్తుకుంటుంటే పిల్లలు ముందుకు జారి, వీపు గుండ్రం చేసుకుని రాస్తున్నారు. వాళ్ళనే 'సరిగ్గా కూర్చో' అంటున్నాం. హెడ్మాస్టరుగారు ఒప్పుకుంటే ఈ శనివారం వడ్రంగిని పంపిస్తాను. ఆ ఒక్క గదిలో డెస్కుల కాళ్ళు మూడంగుళాలు కోయిద్దాం. ముందు ఒక డెస్కు కోసి, పిల్లల్ని కూర్చోబెట్టి చూసి, అప్పుడు మిగతావి. ఖర్చు నాది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.